వీధి గుమ్మం

బిలాస్‌పూర్ లోకో షెడ్డుకి పడమట తెలుగు లైను అని ఒక వరస క్వార్టర్లుండేవి. ఆ పేరు రైలు కంపెనీ పెట్టింది కాదు. కంపెనీకి అది ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె, అంతే. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి షెడ్డు పనికి వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు ఆ వరసలోనే చేరడంతో, చుట్టుపక్కల హిందీవాళ్లు అలా పిలవడం మొదలుపెట్టారు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి కొత్త లైను పడ్డాక ఇంకో నాలుగు కుటుంబాలు దిగి ఆ పేరుని ఖాయం చేశాయి.

ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినవే. రోడ్డు మీంచి రెండు మెట్లెక్కితే తలుపు, లోపల ముందు గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక చారెడు పెరడు. పెరట్లో ఒక మూల వంటపాక, ఇంకో మూల మరుగుదొడ్డి, మధ్యలో దొడ్డి తలుపు. ఆ తలుపు తీస్తే పాకీవాళ్ల సందు. రోడ్డు మీద ఓవర్సీరు సైకిలు, పెళ్లిపిలుపుల పళ్లాలు, దసరా వేషాలు నడిచేవి. సందులో బకెట్లు నడిచేవి. ఇంటివాడికి గౌరవం రెండు మెట్ల వైపు నుంచి వచ్చేది, ఇంటి మురికి రెండో వైపు నుంచి పోయేది. ఈ రెండూ కలుసుకోకుండా ఉండడానికే దొరలు మధ్యలో ఇల్లు కట్టారేమో అనిపించేది.

అంత ఆలోచించి కట్టినవాళ్లు ఒకటి మరిచిపోయారు. ఆ ఇళ్లకి గడపల్లేవు. సిమెంటు నేల లోపల ఎంత చదునో తలుపు దాటాక కూడా అంతే చదును.

ఫిట్టరు నూకరాజు పెళ్లాం కనకం కాపరానికి వచ్చిన రోజున మెట్లెక్కి, తలుపు దగ్గర ఆగి, కిందకి చూసి అలాగే నిలబడిపోయింది. కుడికాలు ఎక్కడ పెట్టాలో ఆ పిల్లకి తెలియలేదు. అత్తగారు అప్పయమ్మ వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి తోస్తే లోపలికి వచ్చింది. నెల తిరక్కుండా మొగుడితో అంది, గడప లేని కొంపలో లోపలేదో బైటేదో ఎలాగ తెలుస్తాదని. నూకరాజు నవ్వాడు. కాని ఆ వారంలోనే షెడ్డు వెనక తుక్కులోంచి పట్టాల కింద వేసే పాత స్లీపరు ముక్క ఒకటి భుజాన వేసుకొచ్చి, ఉలితో చెక్కి, ద్వారబంధాల మధ్య బిగించాడు. కంపెనీ ఇంటికి చీల కొట్టడం కూడా నేరమే. ఓవర్సీరు చూసి కూడా చూడనట్టు పోయాడు. ఇంజన్ల బరువు మోసి నూనె తాగిన కర్ర అది. పసుపు పట్టేది కాదు. కనకం శుక్రవారం శుక్రవారం రాస్తూనే ఉండేది, కర్ర తాగేస్తూనే ఉండేది. ఏడాది పోయాక ఒకనాటికి పచ్చగా తేలింది. ఆ రోజు లైనంతా తిరిగి చెప్పుకొచ్చింది.

నీళ్ల కుళాయి లైను చివర ఉండేది. కనకం చంకలో బిందె, రెండో చేతిలో బకెట్టుతో వచ్చేది. తలుపు తట్టడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. పై మెట్టు మీద నిలబడి, గడప మీదుగా కాలు చాపి, తలుపు అడుగున మట్టెలతో తట్టేది. టక్కు టక్కుమని రెండు, కాస్త ఆగి ఇంకొకటి.

"లైన్ కిలీరేనా ఫిట్టరు బావూ, లేపోతే నన్ను ఔటర్లోనే నిలబెట్టెత్తావా?" అనేది బయట నుంచి, సిగ్నలు కోసం ఊరి బయట ఆగిన బండిలా.

ఆ మాట విని పక్కింటి అసిరమ్మ కూడా నవ్వేది.

భాద్రపదంలో ముసురు పట్టినప్పుడు కనకానికి జ్వరం వచ్చింది. వెనక గది కప్పు కారుతోందని ముందు గదిలో పడుకోబెట్టారు. రైల్వే కాంపౌండరు వచ్చి సీసాలో ఎర్ర మందు పోసి వెళ్లాడు. నాలుగేళ్ల కూతురు చిన్నమ్మి తల్లి మంచం కోడు పట్టుకుని ఆడుకుంటూ ఉండగానే, ఓ పొద్దుట కనకం పోయింది. అర్పా ఏటి ఒడ్డున వాన తెరిపిచ్చేదాకా ఆగి దహనం చేశారు. నూకరాజు చెయ్యమన్నదల్లా చేశాడు. నీళ్లు పొయ్యమంటే పోశాడు, తిరగమంటే తిరిగాడు. ఏడవమని మాత్రం ఎవరూ చెప్పలేదు, అతనూ ఏడవలేదు.

అసలు గొడవ ఆ మర్నాడు మొదలైంది. బుకింగు గుమాస్తా రమణమూర్తి పంతులుగారు ఆ ఊళ్లో తెలుగువాళ్లకి పంచాంగం కూడా. ఆయన పుస్తకం విప్పి, వేలు పెట్టి గడిలోంచి గడిలోకి వెళ్లి, ఒక చోట ఆగిపోయాడు. ధనిష్ఠ. చెప్పక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి.

దేశంలో, సొంతూళ్లో అయితే దీనికి పెద్ద తతంగం లేదు. ఇంటికి తాళం వేసి, గుమ్మానికి రేగుకంప అడ్డం కట్టి, కళ్లంలో పాక వేసుకుని ఆరు నెలలుంటారు. ఆ తరవాత శాంతి చేసుకుని మళ్లీ పాలు పొంగిస్తారు. ఇల్లు ఎక్కడికీ పోదు. ఇక్కడ ఆరు నెలలు కాదు, ఆరు వారాలు ఖాళీగా ఉంటే చాలు, ఇంకొకడి ట్రంకుపెట్టె వచ్చి దిగుతుంది. క్వార్టరు కోసం కాసుకుని ఉన్నవాళ్లు ఊళ్లో తెలిపారా పేట అద్దె కొంపల నిండా ఉన్నారు.

మెట్ల మీద పంచాయితీ కూర్చుంది. వరసకి అందరికీ మావ అయిన డ్రైవరు సింహాచలం పెద్దమనిషి. ఎవరో కుర్రకుంక, ఇల్లు కంపెనీది కాబట్టి దోషం కూడా కంపెనీకే తగలాలి కదా అన్నాడు. ఆ మాటలో కొంత లా పాయింటు ఉందని ఇద్దరు ముగ్గురు తలలూపారు. లోపల నుంచి అప్పయమ్మ గొంతు లేచింది.

"కంపెనీకి మొల్తాడుందేట్రా, ఉసురుందేట్రా, తగలడానికి? ఈ ఇంట్లో తిరుగుతున్నది కంపెనీ కాదు, నా మనవరాలు. మీ కొంపలో అయితే ఇలగే సెప్తారా?"

పంతులుగారు కాసేపు ముక్కుపొడుం నలిపి, ఒక దారి చెప్పాడు. ఇల్లంతా అక్కర్లేదు, ఊపిరి పోయిన గది మూస్తే చాలు. వీధి తలుపు లోపల నుంచి గడియ పెట్టి, మధ్య తలుపు బిగించి దానికి కంప కట్టాలి. ఇంటిల్లిపాదీ దొడ్డి తలుపునే రాకపోకలు సాగించాలి. ఆరు నెలలూ ఎవరూ ఆ గదిలో అడుగుపెట్టకూడదు. వీధి వైపు కూడా కంప కట్టొద్దా అని అప్పయమ్మ అడిగింది. వద్దని సింహాచలం చెప్పాడు. ఓవర్సీరు సైకిలు మీద పోతూ ముళ్లకంప చూశాడంటే, ఏమిటిది, ఎందుకు, ఎవడి హుకుమని మొదలెడతాడు. వీధి వైపు నుంచి చూస్తే ఇల్లు ఇల్లులా ఉండాలి.

పంతులుగారు పుస్తకం మూస్తూ ఇంకోటి కలిపాడు. మూసిన వీధి తలుపు ఎవరైనా తట్టినా, పిలిచినా పలక్కూడదు. ఆ నక్షత్రంలో పోయినవాళ్లు ఇల్లు మరిచిపోలేక వస్తారు. పలికితే లోపలికి రమ్మన్నట్టే.

నూకరాజు ఇంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. ఒక్కటే అడిగాడు. "మావా, కోటరు పోదు కదా?"

"ఏల పోద్దిరా? మడిసి లోపలుంటే కోటరెలగ పోద్ది?" అన్నాడు సింహాచలం.

నూకరాజుకి కావలసింది అంతే. కనకం చీర ఇంకా ఆ గదిలో తాడు మీదే ఉంది. తీద్దామని ఎవరికీ తోచలేదు. దీపపు సెమ్మె గూట్లో ఉంది. తలుపు దగ్గర ఆ పచ్చ గడప ఉంది. ఆరు నెలలు కళ్లు మూసుకుంటే అదంతా మళ్లీ తనదే. అతను తన చేత్తోనే వీధి తలుపు గడియ పెట్టి, వెనక గదిలోకి వచ్చి, మధ్య తలుపు బిగించి, రేగుకంప కట్టాడు. ముల్లు గుచ్చుకుని వేలి నుంచి రక్తం కారితే తల్లి చెప్పేదాకా చూసుకోలేదు.

ఆ రోజు నుంచి వాళ్లు ఇంటి వెనక్కాల మనుషులయ్యారు.

షెడ్డుకి వెళ్లాలంటే నూకరాజు సందులోంచి నడిచేవాడు. ఒక పక్క వరసగా మరుగుదొడ్ల రేకు తలుపులు, ఇంకో పక్క మురుక్కాలవ. సందులోకి వచ్చేముందు పాకీ ఆవిడ బుధ్‌వారిన్ చీపురు నేలకేసి కొట్టి కేక పెట్టేది, ఇళ్లవాళ్లు తప్పుకోవాలని. ఎదురుగా ఇంటివాడే నడిచి వస్తుంటే మొదటి రోజు ఆవిడకి ఏం చెయ్యాలో తెలియక, కొంగు ముఖానికి లాక్కుని గోడకి అతుక్కుపోయింది. మర్నాడు నూకరాజే గోడకి అతుక్కున్నాడు. సందు ఆవిడది కదా. ఆ పద్ధతి అలా ఖాయమైపోయింది.

పొద్దుటిపూట వచ్చి మెట్ల మీద కూర్చుని చుట్ట కాల్చే మగవాళ్లు రావడం మానేశారు. మెట్లెక్కి కూర్చోవాలంటే తలుపు తెరిచి ఉండాలి, పలకరించడానికి లోపల మనిషుండాలి. వెనక నుంచి రావాలంటే పాకీ సందులోంచి రావాలి. ఇద్దరు ముగ్గురు షెడ్డులోనే పలకరించి ఊరుకున్నారు. సింహాచలం మావ మాత్రం ఒకసారి ముక్కుకి తువ్వాలు చుట్టుకుని దొడ్డి తలుపు దాకా వచ్చి, బాగున్నారా అని అడిగి, సమాధానం వినకుండానే వెళ్లిపోయాడు. పక్కింటి అసిరమ్మ పెరటి గోడ మీంచి కూర గిన్నె అందించేది, గిన్నె తిరిగి తీసుకునేటప్పుడు నీళ్లు చల్లుకునేది. ఆవిడది తప్పని కాదు. ఆవిడ ఇంట్లోనూ పిల్లలున్నారు.

చిన్నమ్మి ఒక్కతే బాగుంది. దొడ్డి మెట్టు మీద కూర్చుని బుధ్‌వారిన్‌తో మాట్లాడేది. అప్పయమ్మ మొదట రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చేది. నాలుగు రోజులు పోయాక ఈడ్చుకురావడానికి వెళ్లి తనే అక్కడ చతికిలబడింది. మాట్లాడ్డానికి పగటిపూట ఇంకో ఆడమనిషి లేదు మరి. ముసలిదానికి ఛత్తీస్‌గఢీ రాదు, బుధ్‌వారిన్‌కి తెలుగు రాదు. ఒకర్తి మోకాలు చూపిస్తే ఇంకొకర్తి నడుం చూపించేది. మధ్యలో మూడడుగుల దూరం మాత్రం ఉంచుకునేవారు.

నూకరాజు డ్యూటీకి వెళ్లేవాడు, వచ్చేవాడు, తినేవాడు. ఏం తిన్నావంటే చెప్పలేకపోయేవాడు. మంచం మీద పడుకుంటే కాళ్ల వైపు మధ్య తలుపు, దాని మీద కంప. రేగుకంప ఎండి ఆకులు రాలుతుంటే అప్పయమ్మ రోజూ ఊడ్చేది. ఏదో బాయిలరు ఆవిరి దించేసి, మంట ఆర్పేసి, చల్లారేదాకా పక్కన పెడతారే, తనని కూడా అలా పెట్టారనుకున్నాడు. చల్లారాక లోపల దిగి గీకుతారు. అప్పటిదాకా ఎవరికీ దానితో పని లేదు.

కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం పొద్దుటి డ్యూటీ దిగి అన్నం తింటుండగా వీధి తలుపు చప్పుడైంది.

తలుపు మధ్యలో కాదు. అడుగున. టక్కు టక్కుమని రెండు, కాస్త ఆగి ఇంకొకటి.

అప్పయమ్మ చిన్నమ్మి నోరు మూసింది. నూకరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. బయట రోడ్డు మీద ఎండ, ఎక్కడో షంటింగు ఇంజను, ఇంకేం లేదు. మళ్లీ అలాగే రెండు, ఒకటి.

"పలక్కు," అంది తల్లి పెదాలు కదపకుండా. "నాయినా, పలక్కు. నీళ్లట్టుకొచ్చింది. ఎల్లిపోద్ది."

అతను పలకలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు తగిలింది. చాలా రోజుల తరవాత అతనికి ఉప్పు తెలిసింది.

పది పన్నెండు రోజుల తరవాత మళ్లీ వచ్చింది ఆ చప్పుడు. అదే మధ్యాహ్నం పూట, తలుపు అడుగునే. అప్పయమ్మ చిన్నమ్మిని ఒళ్లో అదుముకుని, గోడ వైపు తిరిగి, సింహాద్రి అప్పన్నని తలుచుకుంది. నూకరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. భయం వెయ్యలేదు, సంతోషమూ కలగలేదు. తలుపు వెనక తలుపు ఉంది, దాని వెనక మనిషి ఉంది, చేతుల నిండా నీళ్లున్నాయి. అంతవరకే తోచింది. ఆ వారం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి, అడిగి మరీ పొద్దుటి డ్యూటీలు వేయించుకున్నాడు, మధ్యాహ్నాలు ఇంట్లో ఉండడానికి. పెళ్లాం పోయినవాడు కదా, పిల్ల కోసం అనుకుని ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు.

ఒకరోజు డ్యూటీ నుంచి వస్తుంటే సందులో బుధ్‌వారిన్ ఎదురైంది. అతను గోడ వైపు జరిగాడు. ఆవిడ మామూలుగా దాటి వెళ్లిపోలేదు. బకెట్టు దింపి, కొంగు సర్దుకుని అడిగింది.

"కపాట్ కాబర్ నై ఖోలస్ గా?"

తలుపు ఎందుకు తియ్యవూ అని. నూకరాజుకి బోధపడలేదు. ఆవిడ వచ్చీరాని హిందీలో విడమరిచి చెప్పింది. రోడ్డు వైపు కాలవ ఊడ్చేటప్పుడు తను చూసిందట. క్వార్టర్ల ఆఫీసు చప్రాసీ, ఆ పొట్టిమీసాలవాడు, ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అని చూడ్డానికి రెండుసార్లు వచ్చాడు. బద్ధకస్తుడు, మెట్లెక్కడు. కిందనే నిలబడి, చేతికర్ర చాపి, దాని ఇనప పొన్నుతో తలుపు అడుగున కొడతాడు. ఎవరూ పలక్కపోతే పక్కింటి ఆవిణ్ని అడిగాడు. ఆవిడ, ఘర్ బంద్ హై, అంది. వాడు కాగితం మీద ఏదో రాసుకుని పోయాడు.

అసిరమ్మ అబద్ధం చెప్పలేదు. ఇల్లు మూశారు అని మన భాషలో ఏ అర్థంతో అంటామో ఆ అర్థంతోనే ఆవిడ తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పింది. వాడు వాడి భాషలో, ఇల్లు ఖాళీ అని విన్నాడు.

"అచ్ఛా," అన్నాడు నూకరాజు. బుధ్‌వారిన్ ఇంకా ఏదో చెప్పబోయి, అతని ముఖం చూసి బకెట్టు ఎత్తుకుంది.

ఇంటికి వెళ్లి తల్లికి చెప్పలేదు. మర్నాడు పొద్దున సందు దాటి రోడ్డెక్కాక, ఎడమకి షెడ్డు, కుడికి క్వార్టర్ల ఆఫీసు. అయ్యా నేను లోపలే ఉన్నాను అని ఒక్క ముక్క చెప్పి వస్తే సరిపోయేది. కాసేపు నిలబడ్డాడు. చెప్పేశాడంటే వాడు ఇంక రాడు. తలుపు అడుగున చప్పుడు ఇంక ఉండదు. అది ఇనప పొన్ను చప్పుడని ఇప్పుడు తెలుసు. తెలిసినా సరే, ఇంకొక్కసారి విని అప్పుడు వెళ్లి చెబుదామనుకున్నాడు. ఎడమకి తిరిగాడు. క్వార్టరు పోతుందేమోనన్న బెంగ అతనిలో ఎక్కడో ఉండే ఉంటుంది, కాని చేతికి అందేటంత దగ్గర్లో లేదు.

ఆ ఇంకొక్కసారి పుష్యంలో వచ్చింది. చలికి అప్పయమ్మ కుంపటి దగ్గర కూర్చుంది. టక్కు టక్కు. అతను కళ్లు మూసుకున్నాడు. టక్కు. చప్రాసీ అని తనకి తాను చెప్పుకున్నాడు. పొట్టిమీసాలు, చేతికర్ర. అయినా మూసిన కళ్ల లోపల గడప మీద పసుపు, దాని మీదుగా చాచిన కాలు, కాలికి అంటిన తడి. కళ్లు తెరిచేసరికి వేరే చప్పుడు వినిపించింది. తలుపు మీద దేన్నో రాస్తున్నట్టు, అరచేత్తో అదుముతున్నట్టు. కనకం ఎప్పుడూ అలా చెయ్యలేదు.

అప్పుడు లేచాడు. మధ్య తలుపుకి కంప ఉంది. దాని అవతల నాలుగడుగుల్లో వీధి తలుపుంది. కంప దాటలేదు. దొడ్డి తలుపు తీసుకుని సందులోకి వెళ్లాడు. అక్కడ నుంచి తన సొంత గుమ్మానికి చేరాలంటే లైను పొడుగునా సందులో నడిచి, కుళాయి దగ్గర తిరిగి, మళ్లీ లైను పొడుగునా రోడ్డు మీద వెనక్కి రావాలి. పరిగెత్తితే అందేవాడేమో. పరిగెత్తలేదు. వచ్చేసరికి తలుపు మీద కాగితం ఉంది, జిగురు ఇంకా ఆరలేదు. రోడ్డు చివర చేతికర్ర ఊపుకుంటూ ఒక వీపు పోతోంది.

పంతులుగారు చదివి చెప్పాడు. క్వార్టరు ఖాళీగా ఉన్నట్టు తేలింది కాబట్టి వేరొకరికి ఇచ్చారు. అభ్యంతరం ఉంటే వెంటనే వచ్చి చెప్పుకోవాలి.

సింహాచలం మావ నెత్తి కొట్టుకున్నాడు. తలుపు తట్టింది చప్రాసీ అని తెలియక పలకలేదని చెబితే ఒప్పుకుంటారని, తనకి క్వార్టర్ల ఆఫీసు హెడ్డు గుమాస్తా పెద్దబాబు దగ్గర చనువుందని, కోటు తొడుక్కుని నూకరాజుని వెంటబెట్టుకెళ్లాడు. ఆఫీసులో గోడకి లైన్లన్నీ గీసిన పటం వేలాడుతోంది. అందులో ఇళ్లకి ఒక్కొక్క గడి. ఏ గడికీ ముందూ వెనకా లేదు.

పెద్దబాబు చెడ్డవాడు కాడు. సింహాచలం హిందీలో నక్షత్రం సంగతి ఎత్తుకోగానే చెయ్యి అడ్డం పెట్టాడు. నక్షత్రాల మీద తనకి అధికారం లేదని, క్వార్టర్ల మీదే ఉందని నవ్వాడు. తరవాత నూకరాజు వైపు చూసి, దారి కూడా తనే చూపించాడు.

"చప్రాసీ వచ్చినప్పుడు నువ్వు డ్యూటీలో ఉన్నావా?"

ఔనంటే అయిపోయేది. డ్యూటీలో ఉన్న మనిషి తలుపెలా తీస్తాడు? ముసలితల్లికి హిందీ రాదు, భయపడింది. కాగితం చింపేసేవాడు. సింహాచలం మోచేత్తో పొడిచాడు. "ఔనను. ఒరే, ఔననరా."

నూకరాజు పటంలో గడుల వైపు చూస్తున్నాడు. ఔనని, అంటే చప్పుడు వినలేదని చెప్పడానికి నోరు తెరిస్తే, తలుపు బయట చేతుల నిండా నీళ్లతో నిలబడ్డ మనిషిని వినలేదన్నట్టే ఉంటుంది.

"ఇంట్లోనే ఉన్నాను," అన్నాడు హిందీలో. "మూడుసార్లూ విన్నాను."

"మరి?"

నూకరాజు మళ్లీ పటం వైపు తిరిగాడు. పెద్దబాబు కలం సిరాలో ముంచాడు. ఈసారి ఖాళీ వచ్చినప్పుడు నీ పేరు చూస్తానన్నాడు. బయటికి వచ్చాక సింహాచలం లైను దాకా నాలుగడుగులు ముందే నడిచాడు. విడిపోయేటప్పుడు అన్నాడు.

"సత్తెం సెప్పడానికి నీకు ఇంకే సోటూ దొరకలేదేట్రా?"

తోర్వా పేటలో ఒక తేలీ, గానుగాడించే అతని ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. మట్టిగోడలు, ముందు పేడతో అలికిన అరుగు, గుమ్మానికి ఇంత ఎత్తు గడప. అప్పయమ్మ ఆ గడప మీద చెయ్యి పెట్టి కళ్లకద్దుకుంది. సామాను సర్దుతూ ఆవిడే అంది, దేవుడు చేసిందేదో మంచికే చేశాడని, ఆరు నెలలు ఇల్లు వదలమన్నాడు, మనం సగం వదిలి ఊరుకున్నాం, తక్కిన సగం ఆయనే వదిలించాడని. ఆవిడ గొంతులో చాలా రోజుల తరవాత తేలిక వినిపించింది. నూకరాజు అదీ నిజమే అన్నాడు. ఇక్కడికి రావడానికి బండి ఎక్కేముందే ఆవిడ ఒకటి అడిగింది. "ఆ గడప ఊడదీసి అట్టుకొచ్చీరా నాయినా. నువ్వు సెక్కింది. దాని సేత్తో పసుపు రాసింది. ఎవులికో ఏల వొదిలీడం?"

అందుకని క్వార్టరు అప్పగించే రోజున సంచీలో గడ్డపార, సుత్తి పెట్టుకుని ఒక్కడే వెళ్లాడు, దొడ్డి తలుపునే. వెనక గది ఖాళీగా ఉంది. మధ్య తలుపుకి కట్టిన కంప ఎండిపోయి ముట్టుకుంటే విరిగింది. తలుపు తోసి ముందు గదిలోకి వెళ్లాడు. దోషకాలం ఇంకా తీరలేదు. తీరలేదని గుర్తొచ్చింది కూడా.

గది చిన్నదయినట్టుంది. తాడు మీద చీర దుమ్ము పట్టి, మడత దగ్గర వెలిసి, అట్టలా బిగుసుకుంది. సెమ్మె నూనెలో చీమలు. మంచం కోళ్లు నాలుగు చోట్ల నేల మీద గుర్తులు వదిలాయి. ఇక్కడైనా ఏడుపొస్తుందనుకున్నాడు. ఆగి చూశాడు. సిమెంటు నేల మీద బీట ఒకటి కనిపించింది. గది మూసినప్పుడు అది లేదు, కప్పు నీళ్లు ఈ గదిలోకీ దిగి ఉంటాయి, అనుకున్నాడు. చీర తీసి మడిచి సంచీలో పెట్టాడు.

వీధి తలుపు అడుగున చప్పుడైంది. టక్కు టక్కు. టక్కు.

ఎవరో తెలుసు. అయినా గడియ మీద చెయ్యి వెంటనే పడలేదు. తరవాత తీశాడు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. మెట్ల కింద పొట్టిమీసాల చప్రాసీ, అతని వెనక ఎడ్లబండి, ట్రంకులు, గోందియా నుంచి బదిలీ మీద వచ్చిన గూడ్సు గుమాస్తా, చంకలో ఇత్తడి బిందెతో అతని భార్య.

"భయ్యా," అన్నాడు నూకరాజు చప్రాసీతో, "మళ్లీ తలుపు వేస్తాను. ఇంకొక్కసారి అలాగే కొట్టు."

చప్రాసీ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా భుజాలు ఎగరేశాడు. నూకరాజు తలుపు వేసి లోపల నిలబడ్డాడు. బయట నుంచి కర్ర మూడుసార్లు తగిలింది. ఇనప పొన్ను, టేకు చెక్క. పొన్ను కాస్త వదులైంది, చివర్న చిన్న గిలక మోగుతోంది. మట్టెల చప్పుడు అలా ఉండదు. ఇంతకాలం అదేనని ఎలా అనిపించిందో తెలియలేదు. ఏమీ అనిపించలేదు. తలుపు తీశాడు.

తాళంచెవి ఇచ్చాడు. వేలిముద్ర అక్కర్లేదు, సంతకం వచ్చన్నాడు, పెట్టాడు. గుమాస్తా లోపలికి వస్తూ కాలు తగిలి తూలి, ఇదేమిటి అడ్డంగా అని తిట్టుకున్నాడు. నూకరాజు సంచీలోంచి గడ్డపార తీసి గడప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కర్ర నలుపు మళ్లీ పైకి తేలుతోంది, పసుపు చారలు చారలుగా మిగిలింది.

గుమాస్తా భార్య మెట్లెక్కి వచ్చింది. తలుపు దగ్గర ఆగి, కిందకి చూసింది. బిందె సర్దుకుని, కుడికాలు ఎత్తి, గడప తొక్కకుండా లోపల పెట్టింది.

నూకరాజు గడ్డపార సంచీలో పెట్టేసి లేచాడు. వీధి తలుపు ఎదురుగా తెరిచే ఉంది. అతను అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, మధ్య తలుపు దాటి, పెరట్లోంచి దొడ్డి తలుపు తీసుకుని సందులోకి దిగాడు. బుధ్‌వారిన్ ఎదురొస్తోంది. గోడ వైపు జరిగి దారి ఇచ్చాడు.